22 వేల ఫ్రాంకుల చరిత్ర

బ్లాంపాన్ అనే స్విస్ వాచీ కంపెనీ తనను తాను ప్రపంచంలోకెల్లా పాత వాచీ బ్రాండుగా చెప్పుకుంటుంది. పుట్టిన సంవత్సరం 1735. ఆ కంపెనీ వాచీ కొనాలంటే మన డబ్బుల్లో లక్షలు కావాలి, లోపలి యంత్రం జటిలమైనదైతే కోటి కూడా దాటుతుంది. అంత ధర ఎందుకని షోరూములో అడిగితే మొదట వినిపించే జవాబు ఆ సంవత్సరమే, దాదాపు మూడు వందల ఏళ్ల వారసత్వమే. అయితే ఈ కంపెనీ కథలో ప్రకటనల్లో కనిపించని మరో రెండు అంకెలున్నాయి. 1980ల మొదట్లో ఇద్దరు మనుషులు బ్లాంపాన్ అనే పేరును సుమారు 22 వేల స్విస్ ఫ్రాంకులకు కొన్నారు. దాదాపు పదేళ్లకు, 1992లో, ఆ పేరు మీద నడుస్తున్న కంపెనీని 6 కోట్ల ఫ్రాంకులకు అమ్మారు. 1735 నుంచి పోగైన చరిత్ర మొదటి బేరంలోనూ ఉంది, రెండో బేరంలోనూ ఉంది. విలువంతా చరిత్రలోనే ఉంటే మొదటిసారి అది అంత కారుచౌకగా ఎలా పోయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ఒక్క బ్లాంపాన్ సంగతే కాదు, ఖరీదైన స్విస్ వాచీల వ్యాపారం మొత్తం దేని మీద నిలబడిందో తెలుస్తుంది. నా ఉద్దేశంలో అక్కడ పాతబడినది పేరు, బతికి ఉన్నది పనితనం. ఆ రెండూ చాలాకాలం వేర్వేరు ఊళ్లలో ఉన్నాయి. ఆ రెంటినీ కలిపినవాళ్లే డబ్బు చేసుకున్నారు.

ముందు 1735 సంగతి చూద్దాం. స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దు వెంట జురా కొండలున్నాయి. అక్కడ సెయింట్-ఇమియే లోయలో విల్లెరే అనే చిన్న ఊరుంది. లాంజీన్స్ వాచీల పుట్టిల్లు కూడా ఆ లోయే. ఆ ఊరి ఆస్తుల రిజిస్టరులో 1735లో జెహాన్-జాక్ బ్లాంపాన్ అనే మనిషి వృత్తి ‘గడియారాలు చేసేవాడు’ అని రాసి ఉంది. కంపెనీ పుట్టుకకు ఆధారం ఇదే. అంటే ఆ ఏడాది ఎవరూ కంపెనీ పెట్టి రిబ్బను కత్తిరించలేదు. అప్పటికే ఆ పని చేస్తున్న ఒక మనిషి పేరు ఒక గుమాస్తా కలం కిందికి వచ్చిందంతే. కింద పశువులు, పైఅంతస్తులో పనిబల్ల ఉండే ఇల్లు ఆయనదని కంపెనీ చెబుతుంది. నమ్మదగ్గ మాటే, ఎందుకంటే ఆ కొండల్లో అందరి బతుకూ అలాంటిదే. చలికాలమంతా మంచు కప్పేస్తుంది, పొలం పని ఉండదు. ఆ నెలల్లో కిటికీ పక్కన కూర్చుని చక్రాలకు పళ్లు కోయడం, ఇరుసులు సానబట్టడం రైతు కుటుంబాలకు రెండో ఆదాయం. ఒకరు చక్రాలు, ఒకరు స్ప్రింగులు, ఒకరు ముళ్లు చేస్తే ఒక వ్యాపారి అన్నీ పోగుచేసి గడియారంగా బిగించి జెనీవాలోనో మరో నగరంలోనో అమ్మేవాడు. కాబట్టి ఆ రోజుల్లో ‘ఫలానా వారి గడియారం’ అన్నా అది నిజానికి ఒక లోయ మొత్తం చేసిన గడియారం. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ తర్వాత బ్లాంపాన్ కుటుంబం తరం నుంచి తరానికి ఆ పని నడిపించింది. 1815లో పగ్గాలు చేపట్టిన ఫ్రెడెరిక్-లూయీ బ్లాంపాన్ ఇంటి పనిని కార్ఖానా పనిగా మార్చాడు. 1865లో సూజ్ నది ఒడ్డున రెండంతస్తుల ఫ్యాక్టరీ కట్టి నీటి బలంతో యంత్రాలు తిప్పారు. అమెరికా ఫ్యాక్టరీల నుంచి వాచీలు టోకున వచ్చిపడుతున్న కాలం అది. ఆ పోటీకి తట్టుకోలేక విల్లెరేలో చాలా కార్ఖానాలు మూతపడ్డాయి, వీళ్లు నిలబడ్డారు. 1920లలో జాన్ హార్వుడ్ అనే ఇంగ్లీషు పనివాడు, చెయ్యి కదిలితే దానంతట అదే కీ తిరిగే చేతి గడియారాన్ని రూపొందిస్తే దాన్ని తయారుచేసిన కంపెనీల్లో బ్లాంపాన్ ఒకటి. 1932లో ఫ్రెడెరిక్-ఎమిల్ బ్లాంపాన్ చనిపోయాడు. ఒక్కతే కూతురు, ఆమెకు ఈ వ్యాపారం మీద ఆసక్తి లేదు. దాదాపు రెండు వందల ఏళ్ల కుటుంబ చరిత్ర అక్కడితో ముగిసింది.

కొన్నది ఎవరంటే, పడుచుతనంలోనే ఆ కంపెనీలో ఉద్యోగానికి చేరి అంచెలంచెలుగా పైకొచ్చిన బెట్టీ ఫీష్టర్. ఆమెతోపాటు ఆండ్రే లేయాల్ అనే సహోద్యోగి. వాచీ పరిశ్రమలో యజమానుల కుర్చీల్లో ఆడవాళ్లు కనిపించని ఆ రోజుల్లో ఒక ఉద్యోగిని కంపెనీనే కొనేసింది. పైగా అది మహా మాంద్యం కాలం. బ్లాంపాన్ కుటుంబంవాళ్లెవరూ కంపెనీలో మిగల్లేదు కాబట్టి కంపెనీ పేరును కూడా రేవిల్ అని మార్చాల్సి వచ్చింది. ‘1735 నుంచి నిరంతరాయంగా’ అనే మాట మొదట ఇక్కడ బీటలువారింది. కుటుంబం పోయింది, పేరూ మారింది. అయినా పనివాళ్లు, పనిముట్లు, ఫ్యాక్టరీ మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఆ కంపెనీ చేసిన అసలైన గొప్ప పని ఈ కాలంలోనిదే కావడం గమనించాలి.

బెట్టీ మేనల్లుడు జాన్-జాక్ ఫీష్టర్‌కు సముద్రంలో మునిగి ఈదడం సరదా. దక్షిణ ఫ్రాన్సు తీరంలో ఒకసారి అలా మునిగినప్పుడు ఎంతసేపైందో లెక్క తప్పి, సిలిండరులో గాలి అయిపోయి, ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. నీటి అడుగున ఎంతసేపు గడిచిందో చూపించే వాచీ సరదా వస్తువు కాదని, ప్రాణాధారమని అప్పుడే అర్థమైంది. డయల్ చుట్టూ తిరిగే ఒక వలయం పెట్టాడు. నీళ్లలో దిగేముందు ఆ వలయం మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పి పెట్టుకుంటే, ఆ తర్వాత గడిచిన నిమిషాలు నేరుగా చదువుకోవచ్చు. రాయికో తాడుకో తగిలి ఆ వలయం దానంతట అది తిరిగిపోతే ఈతగాడు మోసపోతాడు కదా, అందుకని నొక్కితే తప్ప తిరగకుండా బిగించాడు. కీ తిప్పే బొత్తం దగ్గర నీరు చొరబడకుండా రెండు వరసల సీళ్లు వేశాడు. ఆ బొత్తాన్ని పదేపదే లాగితే సీళ్లు అరిగిపోతాయి కాబట్టి దానంతట అదే కీ తిరిగే యంత్రం పెట్టాడు. అదే సమయంలో ఫ్రెంచి సైన్యం కొత్తగా ఏర్పాటుచేసిన సముద్ర కమాండో దళానికి రొబేర్ మలూబియే, క్లోద్ రిఫో అనే అధికారులు తమకు కావలసిన వాచీ కోసం వెతుకుతున్నారు. ఇద్దరి అవసరమూ ఒక్కచోట కలిసింది. 1953లో ఫిఫ్టీ ఫాథమ్స్ వచ్చింది. 50 ఫాథమ్‌లంటే మన లెక్కలో 50 బారలు, దాదాపు 91 మీటర్ల లోతు. అప్పటి గాలి సిలిండర్లతో మనిషి క్షేమంగా దిగగల హద్దు సుమారుగా అంతే అనుకునేవారు. జాక్ కూస్తో బృందం 1956లో విడుదల చేసిన ‘ది సైలెంట్ వరల్డ్’ సినిమాలో ఈతగాళ్ల చేతికి కనిపించేది ఈ వాచీయే. ఇక్కడ ఒక ముచ్చట. అమెరికా నౌకాదళానికి 1960లలో ఈ వాచీలే వెళ్లాయి, కానీ డయల్ మీద ఉన్న పేరు ‘టోర్నెక్-రేవిల్’. విదేశీ సరుకు కొనడానికి అక్కడి నిబంధనలు అడ్డొస్తే దిగుమతిదారు తన పేరు వేయించుకున్నాడు. నీళ్లలో దిగే సైనికుడికి 1735తో గానీ బ్లాంపాన్ వంశంతో గానీ పని లేదు. వలయం జారకుండా ఉందా, నీళ్లు లోపలికి వెళ్లకుండా ఉన్నాయా అన్నదే చూశాడు.

1961లో ఈ కంపెనీ ఒమెగా, టిస్సో తదితర కంపెనీలున్న ఎస్‌ఎస్‌ఐహెచ్ అనే పెద్ద గ్రూపులో కలిసింది. పెద్ద చేప కడుపులో చిన్న చేప గతి మనకు తెలిసిందే. ఆపైన 1969 డిసెంబరు 25న జపానులో సైకో కంపెనీ ‘ఆస్ట్రాన్’ను అమ్మకానికి పెట్టింది. లోపల బ్యాటరీ, ఒక క్వార్ట్జ్ పలుకు. కరెంటు తగిలితే ఆ పలుకు సెకనుకు వేల సార్లు ఒకే లయలో కంపిస్తుంది, ఆ కంపనాలను లెక్కపెట్టి ముల్లు నడుస్తుంది. నెలకు అయిదు సెకన్లు మించి తేడా రాదు. స్విట్జర్లాండులో అధికారిక పరీక్ష నెగ్గిన మేలిరకం యాంత్రిక గడియారానికి కూడా రోజుకు నాలుగు సెకన్ల వెనక నుంచి ఆరు సెకన్ల ముందు వరకు తేడా అనుమతిస్తారు. లెక్క అక్కడే తేలిపోయింది. క్వార్ట్జ్ స్విస్ వాళ్లకు తెలియని విద్య కాదు. న్యూషాతెల్‌లోని పరిశోధన కేంద్రంలో 1967 నాటికే నమూనా వాచీలు తయారయ్యాయి. ఆస్ట్రాన్ కూడా మొదట్లో 4,50,000 యెన్‌ల బంగారు వాచీ, ఒక చిన్న కారు ధర. కానీ పదేళ్లలో ఆ విద్య సామాన్యుడి ధరకు దిగొచ్చింది. అదే సమయంలో డాలరుకు నాలుగు ఫ్రాంకులు దాటి ఉండే మారకం 1970ల చివరికి రెండుకన్నా కిందికి పడి, స్విస్ సరుకు ధర విదేశాల్లో రెట్టింపయింది. 1970లో దాదాపు 90 వేల మంది ఉన్న స్విస్ వాచీ కార్మికులు 1980ల మధ్యకు 30 వేల పైచిలుకుకు తగ్గిపోయారు. ఆ వరదలో విల్లెరే పనీ కొట్టుకుపోయింది. ఎస్‌ఎస్‌ఐహెచ్ పీకల్లోతు అప్పుల్లో మునిగి, అమ్మగలిగిందల్లా అమ్మే పరిస్థితికి వచ్చింది.

ఆ సమయంలో కొన్నవాళ్లు జాన్-క్లోడ్ బివేర్, జాక్ పిగే. బివేర్ లక్సెంబర్గులో పుట్టినవాడు, ఆడెమార్ పిగేలోనూ ఒమెగాలోనూ పనిచేసి అమ్మకాల విద్య బాగా వంటపట్టించుకున్నాడు. జాక్ పిగేది వేరే నేపథ్యం. విల్లెరేకు వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ దూరంలో వాలే ద జూ అనే ఎత్తయిన లోయ ఉంది. అందులో లె బ్రాసు అనే ఊరిలో ఫ్రెడెరిక్ పిగే అనే ఫ్యాక్టరీ జాక్ కుటుంబానిది. ఆ ఇంటి పని 19వ శతాబ్దం నాటి లూయీ-ఎలిజే పిగే దగ్గర మొదలైంది. వీళ్లు వాచీలు అమ్మరు, వాచీల లోపలి యంత్రాలు చేసి పెద్ద పెద్ద కంపెనీలకు ఇస్తారు. రెండు మిల్లీమీటర్లకన్నా పలుచని యంత్రం చేయగల చేతులు అక్కడున్నాయి, ఆ యంత్రం వెళ్లి కూర్చునే వాచీ మీద మాత్రం వేరే వాళ్ల పేరుంటుంది. 22 వేల ఫ్రాంకులకు ఈ ఇద్దరికీ దక్కింది పేరు మాత్రమే. పనివాళ్లు రాలేదు, విల్లెరే ఫ్యాక్టరీ రాలేదు. కొత్త కంపెనీని లె బ్రాసులో ఒక పాత రైతు ఇంట్లో తెరిచారు. ఎప్పుడో మూతపడిన కాకినాడ మిఠాయి కొట్టు బోర్డు కొనుక్కొచ్చి తాపేశ్వరంలో చెయ్యి తిరిగిన వంటవాడి పొయ్యి ముందు వేలాడదీసినట్టు జరిగింది. మిఠాయి కల్తీది కాదు, బోర్డూ దొంగది కాదు, బోర్డు మీది సంవత్సరం ఒక్కటే ఆ పొయ్యిది కాదు.

బివేర్ చేసిన తెలివైన పని ఆ తర్వాతిది. 1735 నుంచి బ్లాంపాన్ ఒక్క క్వార్ట్జ్ వాచీ కూడా చేయలేదు, ఇకముందు చేయదు అని లోకానికి చాటాడు. మాట అబద్ధం కాదు. కానీ క్వార్ట్జ్ సామాన్యుడి ధరకు దిగొచ్చేసరికి బ్లాంపాన్ పేరు అటక మీద పడి ఉంది. చేసే అవకాశమే లేని పనిని చేయలేదని వ్రతంగా చెప్పుకోవడాన్ని మనవాళ్లు గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అంటారు. అయితే ఆ మాటలో రెండో సగం, ఇకముందు చేయం అన్నది, నిజమైన పందెం. అది 1983 ప్రాంతం. ఆ ఏడాదే మార్చిలో స్వాచ్ అనే ప్లాస్టిక్ వాచీ బయటికొచ్చింది. 51 భాగాలు, యంత్రాలు బిగించే వాచీ, లోపల క్వార్ట్జ్. స్విస్ పరిశ్రమను గట్టెక్కించేది అదేనని నికొలాస్ హాయెక్ లాంటివాళ్లు నమ్మారు, నమ్మకం నిజమైంది కూడా. సరిగ్గా అప్పుడే బివేర్, పిగే చేతితో బిగించిన గుండ్రటి చిన్న వాచీ ఒకటి తెచ్చారు. అందులో తేదీ, వారం, నెలతోపాటు ఒక కిటికీలో నవ్వుముఖం చంద్రుడు రోజురోజుకూ పెరుగుతూ తరుగుతూ కనిపిస్తాడు. చంద్రకళ తెలుసుకోవడానికి 1983లో యూరపులో ఎవరికీ వాచీ అక్కర్లేదు. ఆ అక్కర్లేనితనమే అమ్ముడుపోయింది. సమయం చెప్పే పనిని క్వార్ట్జ్ పుచ్చుకున్నాక, యాంత్రిక గడియారానికి మిగిలింది తానెలా తయారైందో చెప్పుకోవడమే.

ఇదంతా విన్నవాళ్లు ఇది శుద్ధ మోసమే కదా, చెవిలో పువ్వు పెట్టడమే కదా అనవచ్చు. కొనుగోలుదారుకు 1735 అని చూపించి 1983ను అమ్మారు. ఈ ఆక్షేపణలో సగం నేను ఒప్పుకుంటాను. సంవత్సరాన్ని సాక్ష్యంగా చూపించడం బలహీనమైన పనే. కానీ మోసమంటే పెట్టెలో సరుకు లేకపోవాలి. ఇక్కడ సరుకుంది. 1991లో ఈ కంపెనీ ‘1735’ అనే వాచీ తెచ్చింది. యాంత్రిక గడియారంలో కష్టమైనవని పేరుపడ్డ విద్యలన్నీ ఒకే కేసులో కూర్చారు. 740 భాగాలు, మొత్తం 30 వాచీలే చేయాలని లెక్క, ఒక్కోదానికి ఒక్క పనివాడికి ఏడాది దాకా పడుతుంది. అందులోని గంటలు కొట్టే విద్య ఒక్కటి దగ్గరగా చూడండి. పక్కనున్న మీటను జరిపితే లోపల చిన్న స్ప్రింగు బిగుస్తుంది. నత్తగుల్ల ఆకారంలో మెట్లుమెట్లుగా కోసిన చక్రాల మీదికి సన్నటి మీటలు జారి, ఆ క్షణంలో ఏ మెట్టు మీద ఆగాయో దాన్నిబట్టి టైమును ‘తడిమి’ తెలుసుకుంటాయి. తర్వాత రెండు చిట్టి సుత్తులు కేసు లోపల చుట్టుకుని ఉన్న రెండు ఉక్కు తీగల మీద కొడతాయి. గంటలకు మందర స్వరం, పావుగంటలకు రెండు స్వరాలు జంటగా, మిగిలిన నిమిషాలకు తార స్వరం. 12 గంటల 59 నిమిషాలకు మీట జరిపితే 12 దెబ్బలు, 3 జంటలు, 14 దెబ్బలు. ఆ తీగ స్వరం సరిగా పలకడం లేదంటే పనివాడు చెవితో విని, ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీసి, మళ్లీ బిగించి, మళ్లీ వింటాడు. కొలిచే యంత్రాలు ఉన్నా చివరి మాట చెవిదే.

ఇంకా విచిత్రం, ఈ పనిలో చాలా భాగం ఎవరికీ కనపడదు. డయల్ కింద ఉండే ఇత్తడి పలకల మీద చిన్న చిన్న వలయాలు ఒకదాన్నొకటి తాకేలా చెక్కుతారు. చక్రాలను పట్టి ఉంచే పట్టీల అంచులను 45 డిగ్రీల వాలుకు ఆకురాయితో దించి, ఆ కొండల్లో దొరికే జెన్షియన్ మొక్క కాడతో రుద్ది అద్దంలా మెరిపిస్తారు. కొన్నవాడు జీవితకాలంలో ఒక్కసారి కూడా ఆ భాగాన్ని చూడడు, రిపేరుకు విప్పినవాడు చూస్తాడు. దీనివల్ల వాచీ ఒక్క సెకను కూడా మరింత కచ్చితంగా నడవదు. ఇది పనివాడు పనివాడికి ఇచ్చుకునే గౌరవమని నాకనిపిస్తుంది. 1735కు లె బ్రాసుకు సంబంధం లేకపోవచ్చు, ఈ పనికి మాత్రం ఆ లోయలో తరాల వెనక వేర్లున్నాయి. బ్లాంపాన్ వంశపు పేరు మీద అమ్మింది పిగేల, వాళ్ల ఇరుగుపొరుగు ఇళ్ల వారసత్వాన్ని. మొదట్లో చెప్పినట్టు అసలు ఈ విద్య పుట్టుకే లోయ మొత్తానిది. ఒక్క ఇంటిపేరుకు దాన్ని కట్టబెట్టడం 1735లోనే కొంత కల్పన.

అయితే చేతులే అసలైనప్పుడు పేరెందుకు కొనడం, పిగే అనే పేరుతోనే వాచీ అమ్ముకోవచ్చు కదా? ఈ ప్రశ్న నా వాదనకు మరింత ఇబ్బందికరమైనది. జవాబు 1983 నాటి కొనుగోలుదారు మనసులో ఉంది. పిగే యంత్రం గొప్పదని తెలిసినవాళ్లు తోటి కంపెనీల ఇంజినీర్లు మాత్రమే. లోకమంతా యాంత్రిక గడియారానికి కాలం చెల్లిందని అనుకుంటున్నప్పుడు, నిన్న మొన్న పుట్టిన పేరుతో ‘మేం పాత పద్ధతిలో చేస్తాం’ అంటే ఎవరు నమ్ముతారు? పాత పేరు ఆ మాటకు పూచీకత్తు. బ్లాంపాన్ ఒక్కటే ఈ దారి పట్టలేదు. 1775లో పారిస్‌లో మొదలైన బ్రెగే చేతులు మారి మారి, 1970లో నగల వ్యాపారులైన షోమే సోదరుల దగ్గరికి చేరి, 1976లో ఇదే వాలే ద జూకు వచ్చి ఊపిరి పోసుకుంది. జర్మనీలో 1948లో జాతీయమై పేరు కోల్పోయిన లాంగె, బెర్లిన్ గోడ కూలాక 1990లో మళ్లీ పుట్టింది. పాత పేరును అటక మీంచి దించడం ఆ తరానికి ఒక వ్యాపార పద్ధతి అయిపోయింది.

ఎక్కడా తెగని చరిత్ర ఉన్న ఇళ్ల సంగతేమిటి, వాటితో బ్లాంపాన్‌ను ఒకే గాటన కడతారా అని మరొకరు అడగవచ్చు. తేడా ఉంది, ఒప్పుకోవాలి. అదే లె బ్రాసులో 1875లో పుట్టిన ఆడెమార్ పిగే నేటికీ స్థాపకుల కుటుంబాల చేతిలోనే ఉంది. 1755 నాటి వాషెరాన్ తన పని ఎన్నడూ ఆగలేదని చెప్పుకుంటుంది. ‘మాదే పాత పేరు’, ‘మాదే ఆగని పేరు’ అని బ్లాంపాన్, వాషెరాన్ అభిమానుల మధ్య పేచీ ఎడతెగదు. 1839 నాటి పటెక్ ఫిలిప్ కూడా మాంద్యంలో కుదేలై, 1932లో దానికి డయల్స్ చేసి ఇచ్చే స్టెర్న్ కుటుంబం చేతికి వెళ్లింది. యజమాని మారినా పని ఆగకపోవడం వాళ్ల బలం. నేననేది ఒక్కటే. ఆ ఇళ్ల వాచీలు గొప్పవైతే అది పని ఆగకపోవడం వల్ల, అంటే నేర్పేవాడి పక్కన నేర్చుకునేవాడు ఎప్పుడూ కూర్చుని ఉండడం వల్ల. స్థాపన సంవత్సరం దానికి గుర్తు కావచ్చు, కారణం కాదు.

1992 బేరానికి వద్దాం. కొన్నది ఎవరో కాదు, ఎస్‌ఎస్‌ఐహెచ్ మరో గ్రూపుతో కలిసి ఏర్పడిన ఎస్‌ఎంహెచ్, ఇప్పుడు మనం స్వాచ్ గ్రూపు అని పిలిచే సంస్థ. 22 వేలకు తాము అమ్ముకున్న పేరునే 6 కోట్లు పెట్టి వెనక్కి తెచ్చుకున్నారు. పైపైన చూస్తే పేరు విలువ రెండున్నర వేల రెట్లకు పైగా పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ రెండోసారి అమ్మినది నడుస్తున్న వ్యాపారం, పైగా పిగే ఫ్యాక్టరీ కూడా అదే సమయంలో ఆ గ్రూపు చేతికి వెళ్లింది. మొదటిసారి వట్టి పేరు, రెండోసారి పేరూ చేతులూ. ఆ గ్రూపు అధిపతి హాయెక్ తెలివితక్కువవాడు కాదు, దేనికి ఎంతివ్వాలో లెక్క వేసే ఇచ్చాడు.

క్వార్ట్జ్ ముట్టనన్న ఆ వ్రతం ఇప్పటికీ చెడలేదు. 2023 సెప్టెంబరులో స్వాచ్‌తో కలిసి బ్లాంపాన్ ఒక చౌక ఫిఫ్టీ ఫాథమ్స్ తెచ్చింది. అట్లాంటిక్, పసిఫిక్, హిందూ మహాసముద్రం, ఆర్కిటిక్, అంటార్కిటిక్ పేర్లతో అయిదు రంగులు, ధర 400 డాలర్లు. అంతకు ఏడాది ముందు ఒమెగాతో కలిసి చేసిన ఇలాంటి వాచీలో స్వాచ్ క్వార్ట్జ్ వేసింది. బ్లాంపాన్ విషయంలో మాత్రం అలా వేయలేదు, ‘సిస్టమ్51’ అనే యాంత్రిక యంత్రాన్ని పెట్టింది. కానీ ఆ సిస్టమ్51ను మొత్తంగా రోబోలే బిగిస్తాయి. క్వార్ట్జ్ లేదు, మనిషి చెయ్యీ లేదు. క్వార్ట్జ్‌ను కాదనడం, చేతిపనిని నిలబెట్టడం ఒకటేనని 40 ఏళ్లుగా జనం అనుకున్నారు. అవి రెండూ వేరని కంపెనీయే స్వయంగా చూపించినట్టయింది. తప్పుపట్టను, 400 డాలర్లకు ఎవరూ జెన్షియన్ కాడతో రుద్ది ఇవ్వరు.

మన దేశానికీ ఈ పేర్ల బేరంలో వాటా ఉంది. 1737 నాటిదని చెప్పుకునే ఫావ్రే-లూబా 1865 నుంచి బొంబాయిలో వ్యాపారం చేసింది. ఒక తరం ఉద్యోగస్థుల చేతికి బాగా తెలిసిన వాచీ అది. క్వార్ట్జ్ దెబ్బకు అదీ చితికిపోయింది. 2011లో టాటాల టైటాన్ ఆ పేరును కొని మళ్లీ నిలబెట్టాలని చూసింది, అనుకున్నంతగా నిలబడలేదు. 2023లో వాచీ షోరూములు నడిపే ఎథోస్ దాన్ని తీసుకుంది. టైటాన్‌కు డబ్బుకు కొదవ లేదు, పేరుకు 1737 ఉంది. బివేర్‌కు 1983లో ఉన్నదేదో అక్కడ కొరవడింది. నేను దాన్ని లె బ్రాసు పనిబల్లలంటాను, అదృష్టమని ఇంకొకరు అనవచ్చు. స్విట్జర్లాండు తదితర ఇఎఫ్‌టీఏ కూటమి దేశాలతో మన ప్రభుత్వం 2024 మార్చిలో కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందం మరుసటి ఏడాది అక్టోబరులో అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దాని ప్రకారం దశలవారీగా తగ్గుతుంది. హైదరాబాదు షోరూముల్లో ఇలాంటి పాత సంవత్సరాలు ఇంకా ఎక్కువగా కనిపిస్తాయి. డయల్ మీది సంవత్సరంతోపాటు లోపలి యంత్రం ఏ ఊరిది, ఎవరు బిగించారు అని కూడా అడగడం కొనేవాళ్ల హక్కు.

లె బ్రాసు ఫ్యాక్టరీ విషయంలో ఆ ప్రశ్నకు జవాబు కొంచెం చేదుగా ఉంటుంది. ఫ్రెడెరిక్ పిగే యంత్రాలు దశాబ్దాలపాటు ఆడెమార్ పిగే, వాషెరాన్ లాంటి ఇళ్ల వాచీల్లోనూ నడిచాయి. 1980ల చివర్లో వచ్చిన వాళ్ల పలుచని క్రోనోగ్రాఫ్ యంత్రాన్ని పరిశ్రమంతా వాడుకుంది. 2010లో స్వాచ్ గ్రూపు ఆ ఫ్యాక్టరీని బ్లాంపాన్‌లో కలిపేసి దాని బోర్డు మార్చింది. పనివాళ్లు అక్కడే ఉన్నారు, పనిబల్లలూ అవే. ఫ్రెడెరిక్ పిగే అనే పేరు మాత్రం ఇప్పుడు ఏ తలుపు మీదా లేదు.